నలభై వేల మందికి గుర్తున్న జవాబు

"నూట పన్నెండో పేజీ, మూడో పేరా చెప్పు," అంది డాక్టర్ వసుంధర.

హిమజ కళ్లు మూసుకుని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. నుదుటికి కట్టిన పట్టీ సన్నగా వెచ్చబడింది.

చదివింది మెదడులో స్థిరపడటానికి రోజులు పడతాయి. ఈలోగా సగం జారిపోతుంది. వసుంధర కనిపెట్టిన పట్టీ చిన్న విద్యుత్ తరంగాలతో ఆ పనిని పది నిమిషాల్లో ముగిస్తుంది. తాడేపల్లిగూడెంలో హిమజ చదివే కాలేజీలో సైకాలజీ లెక్చరర్ లేరు. అడ్వాన్స్‌డ్ సైకాలజీ పరీక్షకు ఆమెకున్న ఆధారం ఒక్క రివ్యూ బుక్కే. అందుకే ప్రయోగానికి ఒప్పుకుంది. ఏడాది తిరక్కుండా పట్టీ బజారులోకి వచ్చింది. పరీక్ష రాసేవాళ్లలో నలభై వేల మంది అదే పట్టీతో అదే పుస్తకం చదివారు.

పరీక్షకు వారం ముందు హిమజ వసుంధర దగ్గరికి పరుగున వచ్చింది.

"మేడమ్, పుస్తకంలో తప్పుంది. కొత్త విషయాలు గుర్తుండకపోతే అది రెట్రోగ్రేడ్ ఆమ్నీషియా అని వేశారు. మా పుల్లారావు మావయ్యకి ఉన్నది అదే జబ్బు. ఆరేళ్లుగా ఆయన మందుల చీటీల మీద యాంటిరోగ్రేడ్ అని ఉంటోంది."

"పుస్తకంలో రెండు పేర్లు తారుమారయ్యాయి. రెట్రోగ్రేడ్ అంటే పాతవి మరిచిపోవడం."

"నా తలలోంచి ఆ పేజీ చెరిపెయ్యండి."

"అది నా వల్ల కాదమ్మా. అతికించడమే నాకు చేతనైంది."

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. కళ్ల ముందు పేజీ నిలబడింది. హిమజ పెన్ను ఆపి, బస్సు ప్రమాదం తర్వాత రోజూ "నువ్వెప్పుడొచ్చావే?" అని పదిసార్లు అడిగే మావయ్యను తలుచుకుంది. యాంటిరోగ్రేడ్ అని రాసింది.

రెండు మార్కుల ఆ జవాబుకు సున్నా వేశారు. ఆ రెండు మార్కులు తగ్గడంతోనే యూనివర్సిటీ సీటు పోయింది.

మావయ్యను వెంటబెట్టుకుని ఆమె పరీక్షల బోర్డు ఆఫీసుకు వెళ్లింది. అధికారి జోసెఫ్ రత్నం తన పేరు చెప్పి కుర్చీలు చూపించాడు. పుల్లారావు ఇరవై ఏళ్ల కిందట తాను నడిపిన ఏలూరు బస్సు ఏ స్టాపులో ఎంతసేపు ఆగేదో వివరంగా చెప్పాడు. రత్నం ఫైలు తేవడానికి లోపలికెళ్లి పావుగంటకు తిరిగొచ్చాడు.

"తమరెవరండీ?" అన్నాడు పుల్లారావు, మర్యాదగా లేచి.

రత్నం నిలబడిపోయాడు. తర్వాత మళ్లీ పేరు చెప్పి, ఫైలు తెరవకుండానే కూర్చున్నాడు.

"నువ్వు రాసిందే సరైనదమ్మా. మాకూ తెలుసు. కానీ నలభై వేల మంది ఒకే మాట రాశారు. వాళ్లందరికీ మార్కులు తీసేస్తే ఊరుకుంటారా? అందుకే జవాబుల కీ మార్చాం."

"మరి నా సంగతి?"

"నువ్వు ఒక్కదానివే కదా."

హిమజ మావయ్య చెయ్యి పట్టుకుని లేచింది. గుమ్మం దాటబోతూ ఆయన వెనక్కి తిరిగి అడిగాడు, "ఎవరే ఆయన? పాపం, దిగులుగా ఉన్నాడు."

రత్నం తలెత్తకుండానే మూడోసారి తన పేరు చెప్పాడు.