చప్పుడు చెయ్యని పిల్లలు

శనివారం ఉదయం బస్సు దిగి, రెండు రోజులకి అద్దెకి తీసుకున్న తోట గేటు తీసేసరికే రొట్టెల మేస్త్రి కళ్ళు మూతలు పడుతున్నాయి. రాత్రంతా బేకరీలో పొయ్యి ముందు నిలబడి, తెల్లవారగానే ఒంటికి అంటిన పిండి దులుపుకుని, అటునుంచి అటే పెళ్ళాం పిల్లలతో బస్సెక్కాడు. పదకొండేళ్ళుగా అతనికి పగలే రాత్రి. లోకమంతా దుప్పటి తీసే వేళకి అతను కప్పుకుంటాడు, లోకమంతా కప్పుకునే వేళకి లేచి పిండి పిసుకుతాడు. అలాంటి మనిషి చేత రెండు రోజులు సెలవు పెట్టించడానికి బడిపంతులమ్మ అయిన అతని భార్యకి, పాపం, ఏడాది పట్టింది.

తోట చూడగానే ఆమె ముఖం విప్పారింది. పొడుగాటి పెంకుటిల్లు, ముందు మోకాళ్ళెత్తు గడ్డి, గడ్డి చివర సన్నటి వాగు, వాగు మీద ఇంకా లేవడానికి బద్ధకిస్తున్న మంచు. నాలుగు బాతులు ఆ మంచులోకి వెళ్ళి మాయమై, మళ్ళీ ఎక్కడో తేలుతున్నాయి. ఏడేళ్ళ పెద్దాడూ, నాలుగేళ్ళ చిట్టీ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చెప్పులు విడిచి గడ్డిలోకి పరుగెత్తారు. మేస్త్రి వరండాలో మడతమంచం వాల్చుకుని, అయిదు నిమిషాలు నడుం వాలుస్తానన్నాడు. ఆ అయిదు నిమిషాలు సాయంత్రం దాకా సాగాయి.

లేచేసరికి ఎండ పసుపు రంగుకి తిరిగింది. కలలోనే ఉన్నాననుకున్నాడు. పక్కన మోడా మీద భార్య కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో అతని ఫోను ఉంది. ముఖం చూస్తే కల కాదని తెలిసిపోయింది.

"మీ యజమాని ఫోన్ చేశారు," అంది ఆమె నెమ్మదిగా. "కొత్త దుకాణానికి మీరే పెద్దమేస్త్రి అట కదా. మూడేళ్ళు మళ్ళీ రాత్రులేనట. సోమవారం మీ మాట కోసం చూస్తున్నానని చెప్పమన్నారు."

మేస్త్రి లేచి కూర్చున్నాడు. ఇంకా ఒప్పుకోలేదన్నాడు. వద్దని కూడా అనలేదు కదా అని ఆమె అడిగింది. చిట్టి బడికెళ్ళే ఏడాది పగటి పనికి మారతానని తన చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాడు. ఆ ఏడాది ఇదే. ఆ సంగతి ఆమె గుర్తు చేసింది. తప్పు తనదని తెలిసిన మగవాడికి కోపం ఎక్కడినుంచో ఊడిపడుతుంది, మేస్త్రికీ అంతే. చిన్నప్పటినుంచీ పిండి మోసిన వాణ్ణి పెద్దమేస్త్రి అంటుంటే కాదనమంటావా అన్నాడు.

"అయినా నేను పగలు పడుకుంటే పిల్లలకేం తక్కువైంది? ఎంత బుద్ధిగా ఉన్నారో చూడు. ఒక గొడవా, ఒక అల్లరా? మన పిల్లల్లాంటి పిల్లలు ఎవరింట్లో ఉన్నారు?"

ఆమె ఏదో అనబోయి, పెదవులు బిగించి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తువ్వాలు అందించింది గానీ ముఖం చూడలేదు. పదకొండేళ్ళ కాపురంలో ఆ మాత్రం చాలు, మేస్త్రి కంచం ముందు నుంచి సగంలోనే లేచాడు.

ఆదివారం ఎవరూ లేవకముందే అతను పెరట్లోకి వెళ్ళాడు. తోట యజమానురాలైన పెద్దావిడ గూడులాంటి మట్టిపొయ్యి రాజేస్తోంది. పొయ్యి కనిపిస్తే మేస్త్రి చేతులు ఊరుకోవు. అడిగి మరీ పిండి తీసుకుని, కలిపి, పిసికి, పొంగనిచ్చి, ఎండ ఎక్కేవేళకి ఓ గుండ్రటి రొట్టె కాల్చాడు. బయటికి తీసి, తిరగేసి, అడుగున వేలి కణుపులతో తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇదేం విద్య నాయనా అని పెద్దావిడ నవ్వింది. లోపల సరిగ్గా కాలితే బోలుగా మోగుతుందనీ, పచ్చిగా ఉంటే మూగగా ఉంటుందనీ, తన చెవి ఏనాడూ మోసపోలేదనీ చెప్పుకున్నాడు మేస్త్రి. కాస్త గర్వంగానే చెప్పుకున్నాడు.

అప్పటికి పిల్లలు లేచి బాతుల వెంట పడుతున్నారు. పెద్దావిడ వాళ్ళని చాలాసేపు చూసింది.

"ఏమీ అనుకోకు నాయనా, నిన్నటినుంచీ అడగాలా వద్దా అని చూస్తున్నాను. పిల్లలిద్దరికీ పుట్టుకతోనే మాటలు రావా?"

మేస్త్రి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఏనాడూ మోసపోని ఆ చెవిని మొదటిసారి తన పిల్లల వైపు తిప్పాడు. వాగు వినిపించింది. బాతులు వినిపించాయి. లోపల భార్య గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. పిల్లలు మాత్రం వినిపించలేదు. వాళ్ళు పరుగెత్తుతున్నారు, ఎగురుతున్నారు, కడుపు పట్టుకుని నవ్వుతున్నారు, రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. ఇంతలో చిట్టి కాలు జారి పడింది. ఏడవడానికి నోరు తెరిచింది. పెద్దాడు ఒక్క ఉదుటున వచ్చి దాని నోరు మూసి, వరండాలోని మడతమంచం వైపు వేలు చూపించాడు. మంచం ఖాళీగానే ఉంది. అయినా ఆ పిల్ల ఏడుపు మింగేసింది.

మేస్త్రి చేతిలోని రొట్టె కింద పెట్టి, భార్య దగ్గరికి వెళ్ళాడు. ఎప్పటినుంచి అని మాత్రం అడిగాడు. దేని గురించని ఆమె అడగలేదు.

"పెద్దాడు నడక నేర్చినప్పటినుంచి," అంది. "మీకు నిద్ర చాలకపోతే పొయ్యి దగ్గర ఏమవుతుందోనని నా భయం. నేనే నేర్పాను. బడిలో నలభైమంది చేత గట్టిగా పద్యాలు చదివిస్తాను. ఇంటికొచ్చి నా పిల్లల నోళ్ళు మూస్తాను." ఇంక ఆపుకోలేక కొంగులో ముఖం దాచుకుంది. మేస్త్రి ఆమె తడిచేతులు పట్టుకుని నిలబడ్డాడు. తప్పెవరిదో తేల్చుకోవాలని ఇద్దరికీ అనిపించలేదు.

తర్వాత అతను గడ్డిలోకి వెళ్ళి పిల్లల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కసారి గట్టిగా అరవండిరా అన్నాడు. చిట్టి పెదవుల మీద వేలు పెట్టింది. పెద్దాడు తల అడ్డంగా ఊపి, తండ్రి ముంజేతి మీదున్న పొడవాటి కాలిన మచ్చని తడిమాడు.

"ఇది నా వల్లే కదా నాన్నా," అన్నాడు గుసగుసగా. "ఒకసారి నేను బొమ్మకారు నడిపి నిన్ను లేపేశాను. ఆ రాత్రే కాలిందేమో."

ఈ బరువు ఎన్నాళ్ళుగా మోస్తున్నాడో ఈ పసివాడు. వాణ్ణి దగ్గరికి లాక్కుని, ఆ మచ్చ నువ్వు పుట్టకముందుదిరా నాన్నా అని చెప్పాడు. అప్పట్లో తనకి పని కొత్త, తొందర ఎక్కువ, ఉత్తచేత్తో పొయ్యిలోంచి రొట్టెల రేకు లాగుతుంటే అంచు ముంజేతికి తగిలింది. నిజంగానా అని పెద్దాడు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నిజమే అన్నాడు. అప్పుడు వాడు ఏడ్చాడు, అలవాటు కొద్దీ చప్పుడు లేకుండానే.

మేస్త్రి గడ్డిలో వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. "నేను నిద్రపోతున్నాను. మీరు అరిస్తే గానీ లేవను," అన్నాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. రెప్పల మీద ఎండ వెచ్చగా ఉంది. గడ్డి చెవుల్ని నిమురుతోంది. మళ్ళీ కలలోకి జారిపోతున్నట్టుంది. చిన్న చిన్న అడుగులు మునివేళ్ళ మీద దగ్గరికొచ్చాయి. చెవిలో వెచ్చటి ఊపిరి తగిలింది. నాన్నా అని గుసగుస వినిపించింది. అతను కదల్లేదు. ఈసారి కాస్త పెద్దగా వినిపించింది. అప్పుడూ కదల్లేదు. ఆ తర్వాత చిట్టి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"నాన్నా, లే!"

బాతులు టపటపా వాగులోకి దూకాయి. తన గొంతులోంచి అంత శబ్దం వచ్చినందుకు చిట్టి ముందు బిక్కచచ్చిపోయింది, తర్వాత కిలకిలా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. దాన్ని చూసి పెద్దాడు అరిచాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చిన వాళ్ళమ్మ కూడా అరిచింది. మేస్త్రి కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. నా కూతురి గొంతు ఇలా ఉంటుందా అనుకున్నాడు.

సోమవారం దాకా ఎందుకని అప్పుడే ఫోను అడిగి తీసుకున్నాడు. పెద్దమేస్త్రి పని తనకి వద్దనీ, పగటి పని ఉంటే ఇమ్మనీ, లేకపోతే ఇంకోచోట చూసుకుంటాననీ యజమానికి చెప్పాడు. రెండు మాటల్లో తేలాల్సిన సంగతికి నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది, అవతల సరిగ్గా వినబడలేదు.

"ఏమిటయ్యా ఆ గోల? ఎక్కడున్నావు?" అన్నాడు యజమాని.

"మా పిల్లలండీ," అన్నాడు మేస్త్రి, ఫోనుని వాళ్ళ వైపు ఇంకాస్త తిప్పి పట్టుకుని.