ఆవకాయ జాడీలో తూటాలు

"మూడు రోజులైంది ఈ ఇంట్లో ఇడ్లీ మొహం చూసి," అంది జగదాంబ. "కొవ్వూరు మొత్తానికి మినుములమ్మే ఇల్లు మనది. ఎవరైనా అడిగితే ఏం చెప్పను? బస్తా మీద మా అమ్మాయి తుపాకి పడుకోబెట్టిందని చెప్పనా?"

"పెసలున్నాయి కదమ్మా. పెసరట్లు వెయ్యి," అంది కన్యక.

"ఆ పెసల బస్తాయే నువ్వు తీసుకోవచ్చుగా?"

"చూశానమ్మా. పెసలు జారిపోతున్నాయి. కందిపప్పు కదులుతోంది. బియ్యం బిగుసుకుపోతోంది. మినుములైతేనే రైఫిలు ఒళ్లో పడుకున్నట్టు పడుకుంటోంది."

"ఒక్క తవ్వెడు తీసుకుంటానే. మూతి విప్పి మళ్లీ నేనే కుట్టేస్తాను."

"తవ్వెడు తీస్తే బస్తా కుదురు మారిపోతుంది. ఇప్పటిదాకా చేసిన టెస్టులన్నీ మళ్లీ మొదలు."

జగదాంబ భర్త వైపు తిరిగింది. కుక్కుటేశ్వరరావు గారు పేపరు ఇంకాస్త పైకెత్తారు. కొట్లోంచి ఇంకో బస్తా పంపించమని ఆవిడ అడగదు, ఆయన పంపించరు. కొట్టు సరుకు కొట్టుదే, ఇంటి సరుకు ఇంటిదే అన్నది ఆ ఇంట్లో తాతల నాటి కట్టుబాటు. ఏడాదికి ఒక్క బస్తా మినుములు ఇంటికొస్తాయి. అది కాస్తా ఇప్పుడు గోదావరి ఒడ్డున పొగాకు గోడౌనులో, బల్ల మీద, తుపాకి కింద ఉంది.

ఇదంతా ఆయన చేసుకున్నదే. నాలుగేళ్ల కిందట రైఫిల్ క్లబ్బు పెడతాం, పొడుగాటి చోటు కావాలని ఆఫీసర్లు వచ్చి అడిగితే, ఖాళీగా పడున్న గోడౌను ఇచ్చారు. వాళ్లు ఆయన్ని ప్రెసిడెంటుని చేశారు. ప్రెసిడెంటుకి రైఫిలు లేకపోతే బావుండదని పాయింట్ టూటూ ఒకటి కొన్నారు. మొదటి రోజే పది గుళ్లు కాల్చారు. పదీ పక్కాయన టార్గెట్‌కి తగిలాయి. పక్కాయనకి కప్పు ఇచ్చారు. ఆ తర్వాత కుక్కుటేశ్వరరావు గారు దాన్ని ముట్టుకోలేదు.

ముట్టుకుంది కన్యక. కాలేజీలో ఎన్.సి.సి.లో నేర్చుకున్న పిల్ల. ఇరవై రెండేళ్లొచ్చాయి, డిగ్రీ అయింది, ఇక పెళ్లే తరువాయి అని అందరూ అనుకుంటుంటే, తనకి రాష్ట్ర జట్టులో చోటు కావాలంది. తండ్రీ కూతుళ్లు వ్యాపారస్థుల్లాగే ఒప్పందానికొచ్చారు. నెలాఖరున కాకినాడలో ఎంపిక పోటీ. అందులో నెగ్గితే ఏడాదిపాటు ఆ ఇంట్లో ఎవరూ పెళ్లి మాట ఎత్తకూడదు. నెగ్గకపోతే రైఫిలు క్లబ్బుకి ఇచ్చేసి, తణుకు బెల్లం వ్యాపారి గున్నేశ్వరరావు గారి అబ్బాయి ముందు తల వంచుకు కూర్చోవాలి.

చెయ్యి కుదిరింది. చూపు కుదిరింది. కుదరనివి తూటాలే.

పాయింట్ టూటూ తూటా చిటికెనవేలి చివరంత ఉంటుంది. అడుగున సన్నటి అంచు. ఆ అంచు మీద దెబ్బ పడితే పేలుతుంది. ఏ రైఫిలుకి ఏ తూటా నచ్చుతుందో దాన్ని తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. అల్లుడిలాగే, రైఫిలే తిని చూసి చెప్పాల్సిందే. అందుకే కన్యక తన చేతి వణుకు అడ్డురాకుండా రైఫిలుని బస్తా మీద ఆనించి, ఒక్కో రకం అయిదేసి కాల్చి, ఆ అయిదూ ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో నోటుబుక్కులో రాసుకుంటోంది.

తూటాలు కొనడానికి తండ్రితో కలిసి వంతెన దాటి రాజమండ్రి వెళ్లినప్పుడే మొదటి తగాదా అయింది. కొట్టు యజమాని నాగేశ్వరప్రసాద్ ఇరవయ్యేడేళ్లవాడు. తండ్రి పోయాక మందుగుండు కొట్టు మీద కూర్చున్నాడు. లైసెన్సు చూసి, కుక్కుటేశ్వరరావు గారి వైపు తిరిగి, "అన్నీ ఒకటేనండి. ఖరీదైంది తీసుకెళ్లండి," అన్నాడు.

"మీ ఇంట్లో పప్పు కూడా ఇలాగే కొంటారా?" అంది కన్యక.

అతను అప్పుడు చూశాడు ఆమెని. "తూటాలు మీకాండీ?"

"నాకే. ఏ విడతలో చేసిన లాటు, ఎప్పుడొచ్చింది, ఎక్కడ నిలవుంచారు, చెప్పండి. మీరెప్పుడైనా కాల్చి చూశారా?"

"లేదండి," అన్నాడతను నిజాయితీగా. "నాకు చప్పుడు పడదు."

తుపాకులమ్మేవాడికి చప్పుడు పడకపోవడమేమిటని కన్యక దారి పొడుగునా నవ్వింది. కానీ మర్నాడు నాలుగుకి అయిదు నిముషాలుందనగా గోడౌను ముందు స్కూటరు ఆగింది. సీటు మీద నాలుగు రకాల డబ్బాలు. చెవుల్లో, దీపం వత్తుల్లా, బండెడు దూది.

అప్పట్నించీ రోజూ వచ్చాడు. ఆమె కాలుస్తుంది, అతను కాగితం తెచ్చి బల్ల మీద పరుస్తాడు. ఇద్దరూ దాని మీద బిళ్లలు పెట్టి కొలుస్తారు. ఎర్ర డబ్బాకి రూపాయి బిళ్ల చాల్లేదు. ఆకుపచ్చది రూపాయి బిళ్ల కింద ఒదిగింది. పసుపు డబ్బా నలభై ఏడో లాటు పావలా బిళ్ల కింద దాక్కుంది, అయిదు గుళ్లూ. అదే పసుపు డబ్బా నలభై ఎనిమిదో లాటు అప్పడమంత పరుచుకుంది.

"ఒకే కంపెనీ, ఒకే డబ్బా కదండీ," అన్నాడు ప్రసాద్ ఆశ్చర్యపోయి.

"ఒకే గట్టుకి అటూ ఇటూ ఉన్న రెండు చేలు ఒకేలా పండుతాయా?"

అతను ఆలోచించాడు. తర్వాత ఆమె మళ్లీ గురి చూస్తుంటే, గుసగుసగా అంటున్నాననుకుని, "మీరు ఊపిరి బిగపట్టినప్పుడు చాలా బావుంటారండీ," అన్నాడు. చెవుల్లో దూది ఉన్నవాడికి తన గొంతు ఎంతుందో తెలియదు. పక్కన కాలుస్తున్న తాసిల్దారు గారు, ఆయన వెనక నిలబడ్డ డాక్టరు గారు, గుమ్మంలో టీ తెచ్చినవాడు, అందరూ ఆగి చూశారు. కన్యక కాల్చిన గుండు పైకప్పు రేకుకి తగిలింది. పావురాలు లేచిపోయాయి.

నోటుబుక్కులో ఆమె రాసింది: ఈ షాటు లెక్కలోకి రాదు.

మిగిలినవి నలభై ఏడో లాటు డెబ్భై. ఊళ్లో గాని, రాజమండ్రిలో గాని ఇంకొకటి లేదు. పోటీకి నలభై, ముందు సర్దుకోవడానికి పది. సరిపోతాయి. కన్యక వాటిని, మిగతా మూడు డబ్బాలతో పాటు, భద్రంగా ఇంట్లో బీరువాలో పెట్టింది.

బీరువా తాళం, ఆ ఇంట్లో అన్ని తాళాల్లాగే, మామ్మ అమ్మణ్ణి మొలగుత్తిలో ఉంది. కుక్కుటేశ్వరరావు గారి తల్లి. డెబ్భయ్యారేళ్ల మనిషి. శుక్రవారం ఉదయం ఆవిడ బీరువా తీసింది. వ్యాపారస్థుల ఇంట్లో శుక్రవారం నాడు సగం ఖాళీ డబ్బా ఉండకూడదు. అడుగూ బొడుగూ ఒకదాంట్లో చేర్చి, నిండు పాత్ర చేసి, ఖాళీవి బయట పడెయ్యాలి. అత్తగారి దగ్గర నేర్చుకున్నది, అరవయ్యేళ్లుగా చేస్తున్నది. డబ్బాలు నాలుగున్నాయి. నాలుగూ వెలితిగానే ఉన్నాయి. కడిగి ఎండబెట్టిన ఆవకాయ జాడీ ఒకటి చేతికందింది.

కన్యక చూసేసరికి జాడీ నిండుగా, లక్ష్మీకళతో ఉంది. డబ్బాలు, వాటి మీద లాటు నెంబర్లు, నీళ్ల పొయ్యి కింద బూడిదయ్యాయి.

"నిండింది కదే," అంది మామ్మ. "ఎందుకలా కూలబడ్డావు?"

నాలుగుకి అయిదు నిముషాలుందనగా ప్రసాద్ వచ్చాడు. గోడౌనులో ఎవరూ లేకపోతే ఇంటికొచ్చాడు. జాడీలోకి తొంగిచూశాడు. "ఇంగువ వాసనొస్తోందండీ," అన్నాడు. కన్యక కళ్లల్లో నీళ్లు చూసి, చొక్కా చేతులు మడిచి నేల మీద కూర్చున్నాడు.

ఎర్రవీ ఆకుపచ్చవీ అడుగున ముద్ర వేరు కాబట్టి గంటలో తేలిపోయాయి. మిగిలినవి పసుపు డబ్బావి నూట ముప్ఫై. వాటిలో డెబ్భై మంచివి, అరవై కొరగానివి. అన్నిటి మీదా ఒకటే ముద్ర, ఒకటే రంగు. కుక్కుటేశ్వరరావు గారి బంగారం తూచే త్రాసు తెచ్చారు. గురిగింజలు పెట్టి ఒక్కొక్కటీ తూచారు. శని, ఆదివారాల సాయంకాలాలు అలాగే గడిచాయి. రెండు లాట్లూ ఒకే బరువు తూగాయి.

"కుదరకపోతే ఏమవుతుందండీ?" అన్నాడు ప్రసాద్. చెవుల్లో దూది లేదు, గొంతు నిజంగానే మెల్లగా ఉంది.

"తణుకు."

"వాళ్లేం చేస్తారు తణుకులో?"

"బెల్లం."

"బెల్లం మంచిదేనండీ. పైత్యానికి," అన్నాడతను. చేతిలో గురిగింజ జారి త్రాసు కింద దొర్లింది. ఇద్దరూ ఒకేసారి దానికోసం వంగారు. తలలు కొట్టుకున్నాయి. కొమ్ములొస్తాయని రెండోసారి కూడా కొట్టుకోవాల్సి వచ్చింది. ఆ రెండోది అవసరమైన దానికంటే కాస్త మెత్తగా జరిగింది.

"ఏవర్రా," అంది గుమ్మంలోంచి మామ్మ. "రెండ్రోజులుగా నూట ముప్ఫై గింజలు ఏరలేకపోయారా? ఇలా తే ఆ చేట."

"అవి రెండూ ఒకటే మామ్మా. చూస్తే తెలియదు."

"చూడ్డానికి నాకు కళ్లెక్కడున్నాయి, శుక్లాలొచ్చి?"

చేట ఒళ్లో పెట్టుకుని ఆవిడ కళ్లు మూసుకుంది. ఒక్కో తూటా అడుగు అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పింది. అరవయ్యేళ్లు పప్పులు ఏరిన వేళ్లు. "ఇది పలచన. ఇదీ పలచనే. ఇది మందం. ఇది వేరే చేను," అంటూ రెండు కుప్పలు పోసింది. అరగంట పట్టలేదు. మధ్యలో ఒకసారి, "అబ్బాయ్, మీ అమ్మగారి పుట్టిల్లెక్కడ?" అని కూడా అడిగింది. పాలకొల్లు అన్నాడతను. గోత్రం అడిగింది. చెప్పాడు. "మనది కాదు, మంచిదే," అంటూ ఇంకో తూటా తిప్పింది.

లెక్కపెడితే పలచనివి డెబ్భై, మందానివి అరవై.

సోమవారం గోడౌనులో మందం కుప్పలోంచి అయిదు కాల్చింది కన్యక. అప్పడం. పలచన కుప్పలోంచి అయిదు కాల్చింది. ప్రసాద్ కాగితం తెచ్చి పావలా బిళ్ల పెట్టాడు. ఒక్క చిల్లూ కనపడలేదు.

కాకినాడలో బస్తాలుండవు. బోర్లా పడుకుని, చేతుల మీద ఆనించి కాల్చాలి. కన్యక నాలుగువందలకి మూడువందల ఎనభై మూడు చేసింది. ప్రతి తూటాకీ సన్నగా ఇంగువ వాసన వచ్చింది. రాష్ట్ర జట్టులో ఆమె పేరు చదివినప్పుడు కుక్కుటేశ్వరరావు గారు పక్కాయనకి షేక్‌హ్యాండిచ్చారు. వాళ్లతో కూడా వచ్చిన ప్రసాద్ చెవుల్లోంచి దూది తీసి, "చాలా సంతోషమండీ," అన్నాడు. ఆ మొహంలో సంతోషం వెతకడానికి చేట కావాలి.

అతని మొహం అలా ఎందుకుందో కన్యకకి రైల్లో వస్తుండగా తట్టింది. తను నెగ్గింది. నెగ్గితే ఏడాదిపాటు ఆ ఇంట్లో ఎవరూ పెళ్లి మాట ఎత్తకూడదు.

"మీకిక తూటాలక్కర్లేదేమోనండీ," అన్నాడతను కొవ్వూరు స్టేషన్లో. "నేను రావడానికి పనేం ఉంటుంది?"

"ఆదివారం భోజనానికి రండి. మా నాన్నగారు పిలవమన్నారు."

ఆదివారం అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. కుక్కుటేశ్వరరావు గారు, మామ్మ, కన్యక, ప్రసాద్. జగదాంబ వడ్డిస్తోంది. వచ్చినవాళ్లకి గారెలు లేని భోజనం పెట్టాల్సొచ్చిందని ఆవిడకి ఇంకా కోపంగానే ఉంది.

"మాటంటే మాటే," అన్నారు కుక్కుటేశ్వరరావు గారు. "తణుక్కి రేపు ఉత్తరం రాస్తాను. ఏడాది ఆగమంటాను. అప్పటిదాకా ఈ ఇంట్లో పెళ్లనే మాట వినపడదు."

ప్రసాద్ చారులో అన్నం వెతుకుతున్నాడు. మామ్మ ఎవరినీ చూడకుండా, "పలచనైతేనేం, నిఖార్సైన సరుకు," అని తనలో తను అనుకుంది.

కన్యక ఎడం చేత్తో పక్కనున్న నోటుబుక్కు తీసి, చివరి పేజీ తండ్రి విస్తరి పక్కన పెట్టింది. అందులో గుళ్ల లెక్కలు లేవు. తారీఖులు, టైములు ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది?"

"ఆయన మన దగ్గరికొచ్చిన రోజులు నాన్నా. పద్ధెనిమిది. వానొచ్చిన రోజు, వంతెన మీద స్కూటరు చెడిపోయి నడిచొచ్చిన రోజు, అన్నీ కలిపి. పద్ధెనిమిదీ నాలుగుకి అయిదు నిముషాల ముందే. ఒక్కటి చూసి ఏదీ చెప్పలేం గాని, పద్ధెనిమిది చాలు."

జగదాంబ చేతిలో గరిటె సగంలో ఆగింది. ప్రసాద్ చెవులు, దూది లేకపోయినా, ఎర్రబడి మూసుకుపోయినట్టున్నాయి.

కన్యక పెరుగు కలుపుకుంటూ, ఎవరినీ చూడకుండా, మామూలు గొంతుతోనే చెప్పింది.

"తణుక్కి ఆగమని కాదు, వద్దని రాయండి నాన్నా. ఏడాది నాకొద్దు. పాలకొల్లులో వీళ్ల మేనమామగారున్నారట, ఆయనకి కబురు పంపండి. జట్టులో మాత్రం ఆడతాను, అందుకు ఈయన కాదనరు. అమ్మా, మినుముల బస్తా రేపు ఇంటికొచ్చేస్తుంది. మూతి విప్పుకో."