శివా, ఇగ బంద్ చెయ్యి

భానూర్ నుంచి పటాన్‌చెరు వచ్చే దారిలో, మూతబడ్డ ప్లాస్టిక్ డ్రమ్ముల కంపెనీ ఒకటి ఉంది. చీకటి పడ్డాక దాని ముందు ఎవరూ బండి ఆపరు. చైన్ ఊడినా సరే, నెట్టుకుంటూ పోయి ముందున్న లైటు కిందే చూసుకుంటారు.

బిహార్ నుంచి వచ్చిన పనివాళ్లు దానికి 'ఆవాజ్ వాలీ కంపెనీ', అంటే గొంతు వినబడే కంపెనీ, అని పేరు పెట్టారు. గేటుకు ఎవరో నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. అవి ఎండిపోతే ఇంకెవరో కొత్తవి కడతారు.

రాత్రిపూట లోపల ఒక ఆడమనిషి మాట్లాడుతుందట. ఏడవదు, నవ్వదు, గజ్జెలు మోగవు... ఊరికే మాట్లాడుతుంది. ఎవరినో ఎదురుగా కూచోబెట్టుకుని చెబుతున్నట్టు, నింపాదిగా, మధ్యమధ్య ఆగుతూ.

మిషన్‌లో పడి చచ్చిన మనిషని ఒకరంటారు, ఉరేసుకుందని ఇంకొకరు. నేను అందులో ఆరేళ్లు పనిచేశాను. అక్కడ ఎవరూ చావలేదు. చచ్చింది కంపెనీ ఒక్కటే. అందుకని ఈ ముచ్చట ఎవరు ఎత్తినా నవ్వి కొట్టిపారేసేవాడిని — శివకుమార్ నోట వినేదాకా.

శివకుమార్, నేను ఇప్పుడు ఒకే మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో ఉన్నాం. వాడికి వినడం పిచ్చి. పాడ్‌కాస్టులంటే, ఫోన్‌లో వినే రేడియో లాంటి షోలంటే, మనలో చాలామందికి ఇంకా సరిగ్గా తెలియని రోజుల్లోనే, భార్య సుమిత్రతో కలిసి ఒకటి మొదలుపెట్టాడు. పేరు 'ఏం వినాలె'.

ప్రతి శుక్రవారం ఇరవై నిమిషాలు. ముందు ఆ లోకం వార్తలు — ఏ యాప్ మూతబడింది, ఎవరిని ఎవరు కొన్నారు, మిషన్ గొంతులు ఎక్కడిదాకా వచ్చాయి. తర్వాత ఆ వారం వినదగ్గవి మూడు. తేనెటీగల గురించి ఒకటి, పాత కోర్టు కేసుల గురించి ఒకటి, సముద్రం అడుగున వేసిన తీగల గురించి ఒకటి... మనకెందుకు అనిపించేవే, కానీ ఆమె చెబితే వినాలనిపించేది. వినేవాళ్లు రెండు వందల మంది ఉంటారేమో. షిఫ్టు బస్సులో కూచుని నేనూ వినేవాణ్ణి.

రాసేది వాడు, చెప్పేది ఆమె. ఇద్దరికీ కలిపి ఒక్క గది కిరాయి ఇల్లు. పక్కింటి టీవీ, రోడ్డు మీద లారీల హారన్లు. అందుకని మంచం మీద ఇద్దరూ బొంత కప్పుకుని, లోపల ఫోను పెట్టుకుని రికార్డు చేసేవాళ్లు. ఎండాకాలంలో అది ఎంత నరకమో మీరే ఊహించుకోండి.

సుమిత్రది హత్నూర దగ్గర పల్లె. మొగుణ్ణి పేరు పెట్టి పిలవని ఇల్లు. అత్త ముందు 'ఇగో' అనేది, షోలో 'మా ఇంటాయన' అనేది. బొంత కింద మాత్రం, చెప్పాల్సింది అయిపోగానే, ఊపిరాడక ఒక్క క్షణం ఆగి —

"శివా, ఇగ బంద్ చెయ్యి" అనేది.

వాడు ఆ ముక్క కత్తిరించాకే షో బయటికి వచ్చేది. ఆమె నోట తన పేరు విన్నవాడు ఈ భూమ్మీద వాడొక్కడే. ఈ సంగతి నాతో చెప్పేటప్పుడు కూడా సిగ్గుపడ్డాడు.

నిరుడు వానాకాలం సుమిత్రకు జ్వరం వచ్చింది. ఐదో రోజుకు ఆమె లేదు.

వాళ్లు రికార్డు చేసేదీ, కత్తిరించేదీ, పంపేదీ అన్నీ ఒక పాడ్‌కాస్ట్ యాప్‌లోనే. ఫోన్‌లో జాగా తక్కువ. అందుకని ఒకటి ఎక్కించగానే ఫోన్‌లోది తీసేయడం — మూడేళ్లు అదే పద్ధతి. యాప్‌లో ఉంది కదా, ఎక్కడికి పోతుంది? ఆమె పోయిన రెండు నెలలకు ఆ యాప్‌ను ఇంకో కంపెనీ కొన్నది. చిన్న షోలన్నీ ఒక్క రోజులో మాయం. ముందుగా మెయిల్ పెట్టారట. పుట్టెడు దుఃఖంలో ఉన్నవాడు మెయిళ్లు చూస్తాడా?

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తీసేసినవి తిరిగి వస్తాయేమోనని వాడు ఆ ఫోను తీసుకుని సంగారెడ్డిలో తిరగని దుకాణం లేదు. ఏమీ రాలేదు. పెళ్లి వీడియోలో ఆమె ఉంది గానీ బ్యాండు తప్ప ఏమీ వినబడదు.

"పేరు పెట్టి పిలిచేది ఒక్కసారి వింటే చాలన్నా. ఇగ ఏమొద్దు" అనేవాడు నాతో. నేను టీ తాగమనేవాణ్ణి.

ఆ రాత్రి రెండో షిఫ్టు దిగి, భానూర్‌లో ఎవరినో కలిసి తిరిగి వస్తున్నాడు. సరిగ్గా డ్రమ్ముల కంపెనీ ముందు బండి ఆగిపోయింది. కిక్కు కొడుతున్నాడు. చుట్టూ చీకటి. రోడ్డు మీద నరపురుగు లేదు.

అప్పుడు వినబడింది —

లోపలి నుంచి. ఆడమనిషి గొంతు. బావిలోంచి వస్తున్నట్టు, గుమ్మని...

పరుగెత్తాలనుకున్నాడు. పరుగెత్తలేదు. ఎందుకంటే ఆ గొంతు వాడికి తెలుసు.

"...ఈ వారం వినదగ్గవి మూడున్నయి. మొదటిది, నిద్ర పట్టనోళ్ల గురించి..."

సుమిత్ర!

గేటు పట్టుకుని నిలబడ్డాడు. నిమ్మకాయలు చేతికి తగిలాయి. ఆమె చెబుతూనే ఉంది. ఇద్దరూ కలిసి చేసిన పాతదేమో అని మొదట అనుకున్నాడు. కానీ ఆమె చెబుతున్నవి తను ఎప్పుడూ రాయని మాటలు. పైగా పోయిన సోమవారం మూతబడిన ఒక యాప్ పేరు చెప్పింది. సోమవారం నాటి సంగతి, పదిహేను నెలల కింద పోయిన మనిషికి ఎలా తెలుసు?

మూడూ చెప్పడం అయిపోయింది. గొంతు ఆగింది. ఒక్క క్షణం...

"శివా, ఇగ బంద్ చెయ్యి."

వాడు గేటు ఎక్కి లోపలికి దూకాడు. భయం ఏమైందిరా అని నేను తర్వాత అడిగితే, భయం ఎందుకన్నా, నన్నే పిలిచింది కదా అన్నాడు. చీకట్లో షెడ్డులోకి, పడుతూ లేస్తూ, "సుమీ... సుమీ..." అని గుసగుసగా పిలుస్తూ పోయాడు.

షెడ్డు మూల ఒక నీలం డ్రమ్ము. దాని లోపల నుంచి సన్నని వెలుగు.

తొంగి చూశాడు. డ్రమ్ము అడుగున ఒక ఫోను వెలుగుతూ ఉంది.

పక్కనే చాప మీద పడుకున్న ముసలాయన లేచి టార్చి వేశాడు. మొగులయ్య, వాచ్‌మన్. ఆరు నెలలుగా ఆ షెడ్డుకు కాపలా. వెనక ఇనుప తలుపు నుంచి వస్తాడు, ముందు గేటు తెరవడు, కరెంటు లేదు కాబట్టి దీపం ఉండదు. అక్కడ మనిషి ఉన్నాడని బయట ఎవరికీ తెలియదు.

"ఏంది కొడుకా, గిట్ల వచ్చినవ్? ఎవరు నువ్వు?"

శివకుమార్ డ్రమ్ము వైపు చూపించాడు.

ముసలాయన నవ్వాడట. చెవులు సరిగ్గా వినబడవు కాబట్టి ఫోను డ్రమ్ములో పెడితే గట్టిగా వస్తుంది. ఇక్కడ సిగ్నల్ ఉండదు కాబట్టి శుక్రవారం పటాన్‌చెరు హోటల్‌లో వైఫై మీద దించుకుని వస్తాడు. బయట దెయ్యమని చెప్పుకుంటున్నారని ఆయనకూ తెలుసు. ఇనుము దొంగలు రారు, మంచిదేగా అని ఊరుకున్నాడు.

"నాకు సదువు రాదు బిడ్డా. ఈమె చెప్తే దునియా ముచ్చట ఎరుకైతది. మనిషి కాదంట, మిషనంట గని మంచిగ చెప్తది. ఆ ఆఖరుకు శివా అని ఎందుకంటదో, అదొక్కటే సమజ్ కాలె."

అంతే సంగతి. కొన్న కంపెనీ పాత షోలు తీసేసింది గానీ రికార్డులు తీసేయలేదు. కత్తిరించకముందువి, మొత్తం, దాని దగ్గరే ఉన్నాయి. అచ్చం ఆ గొంతుతో మాట్లాడే ఒక మిషన్‌ను తయారు చేసి, వేరే పేరుతో షో నడుపుతోంది. సుమిత్ర ప్రతి రికార్డు చివరా ఆ మాట అన్నది కాబట్టి, షో అంటే అలాగే ముగించాలని మిషన్ నేర్చుకుంది. వేలమంది వింటున్నారు. బొంత కింద దాచుకున్న పేరు ఊరందరి చెవుల్లో పడుతోంది.

తెల్లారి వాడు నా దగ్గరకు వచ్చి ఇదంతా చెప్పాడు. కోపంగా ఉన్నాడు, కానీ కళ్లు మెరుస్తున్నాయి. నాలుగు శుక్రవారాలు ఆ యాప్‌లో విన్నాడు. మళ్లీ మళ్లీ చివరి మాట దగ్గరికే జరిపి విన్నాడు. దాచుకోరా అంటే, అందులోనే ఉంది కదన్నా, ఎక్కడికి పోతది అన్నాడు. నేనూ గట్టిగా చెప్పలేదు. నా తప్పు కూడా ఉంది.

ఐదో వారం, మనసు ఊరుకోక, ఆ కంపెనీకి మెయిల్ రాశాడు. ఆమె నా భార్య, ఆ శివను నేను, ఆ మాట నాది అని. జవాబు రెండో రోజే వచ్చింది. నాకు చూపించాడు.

యాప్‌లో చేరేటప్పుడు మీరు అన్నిటికీ ఒప్పుకున్నారు అని అందులో ఉంది. కింద ఇంకో వాక్యం: 'షో చివర అనవసరమైన మాటలు వస్తున్నాయని తెలియజేసినందుకు ధన్యవాదాలు. ఆ లోపాన్ని పాత భాగాలతో సహా సరిచేశాం.'

యాప్ తెరిచాడు. మూడు చెప్పింది. ఆగింది. తర్వాత ఏమీ లేదు.

ఆ సాయంత్రమే ఇద్దరం బండి మీద డ్రమ్ముల కంపెనీకి పరుగెత్తాం. మొగులయ్య ఫోన్‌లో ముందు దించుకున్నవి ఉంటాయి కదా అని నా ఆశ. ముసలాయన మమ్మల్ని చూసి సంబరపడ్డాడు. సంగతి విని ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"జాగ నిండిందని చూపిస్తే, నిన్ననే అన్నీ తీసేసిన కొడుకా. మల్ల దించుకోవచ్చు గద అనుకున్న."

శివకుమార్ పెద్దమనిషి వీపు తట్టి బయటికి వచ్చేశాడు. దారిలో ఒక్కటే అన్నాడు: "దెయ్యమైతే మంచిగుండేదన్నా. దెయ్యానికి మనం యాదికుంటం."

చలికాలంలో మొగులయ్య పని మానేసి కూతురి దగ్గరికి పోయాడు. షెడ్డులో ఇప్పుడు ఎవరూ లేరు. నాకు తెలుసు.

పోయిన శుక్రవారం రాత్రి నేను ఆ దారినే వస్తున్నాను. గేటుకు కొత్త నిమ్మకాయలు. పక్కన చీకట్లో ఒక బండి — గుర్తుపట్టాను, శివకుమార్‌ది. తెలియకుండానే నా బండి ఆపాను.

లోపల ఎవరో మాట్లాడుతున్నారు. డ్రమ్ములోంచి వచ్చినట్టు, గుమ్మని. ఈ వారం వార్తలు... వినదగ్గవి మూడు... ఈసారి మగ గొంతు. నింపాదిగా, మధ్యమధ్య ఆగుతూ, అచ్చం ఆమె చెప్పినట్టే.

మూడోది అయిపోయింది. గొంతు ఆగింది. చాలాసేపు...

తర్వాత అదే మగ గొంతు, మెల్లగా —

"శివా, ఇగ బంద్ చెయ్యి."

దెయ్యాలను నమ్మని నేను, ఆ తర్వాత అక్కడ ఒక్క క్షణం కూడా బండి నిలపలేదు.