టాకాలు ఊడిన కోటు

ఉదయపు వెలుతురు తెర దాటి వచ్చి కుట్టుమిషన్ మీద వాలింది. గాలిలో నూలుపోగులు తేలుతున్నాయి, తెల్లవారినా వదలని కలలా. వాటి నడుమ అత్తగారు కోటు చేతిని భుజానికి ఆనించి పొడుగు పొడుగు టాకాలు వేస్తున్నారు. మిషన్ కుట్టు పడేదాకా ముక్కలు జారకుండా పట్టి ఉంచే కచ్చా కుట్లవి.

కొన్నాళ్ళుగా అదే కోటు. పొద్దున పడ్డ టాకాలు సాయంత్రానికి ఉండవు.

“నిన్న కూడా ఊడదీసింది నీ పెళ్ళాం,” అన్నారావిడ కొడుకుతో.

“నేనెందుకు విప్పుతాను అత్తయ్యా? సూదిలో దారం ఎక్కించడమే రాదు నాకు,” అంది కోడలు.

“రానివాళ్ళకే కడుపుమంట.”

కొడుకు విసిగిపోయాడు. “రోజూ ఇదే గోల. ఇవాళే ఈ మిషన్ తీయించేస్తాను. పీడా పోతుంది.”

అత్తగారు మిషన్ చక్రాన్ని పసిబిడ్డ తలలా నిమిరారు. కళ్ళు తుడుచుకోవడానికి బొడ్లో దోపుకున్న రుమాలు లాగితే, దాని వెంట ఓ దారపు ఉండ నేల రాలింది. విప్పిన టాకాలన్నీ ఒకదానికొకటి మెలిపడిన ఉండ.

కోడలు దాన్ని అరచేతిలోకి తీసుకుంది. ప్రయోగశాలలో మెదడు పొరలకు రంగులద్ది, సూక్ష్మదర్శినిలో ఆమె రోజూ చూసే చిక్కుముడే అది. ఇంట్లో మాత్రం ఇన్నాళ్ళూ పోల్చుకోలేకపోయింది.

భర్తను గుమ్మం దాకా తీసుకెళ్ళింది.

“మెదడు కణాల్లో సన్నని గొట్టాలుంటాయండీ. కణానికి కావలసినవన్నీ వాటి వెంటే నడుస్తాయి. వాటిని టాకాల్లా పట్టి ఉంచేది టౌ అనే ప్రొటీన్. అది చెడితే ఊడిపోయి, తనలో తనే చిక్కుపడుతుంది. కణం మెల్లగా ఎండిపోతుంది. అత్తయ్యకు ఆ మతిమరుపు జబ్బేనేమో, డాక్టరు చూసి చెప్పాలి. విప్పింది తనే. విప్పినట్టు తనకే తెలియదు.”

“తగ్గుతుందా?”

“ఊడిన ఆ టాకాలు తిరిగి వేసే మందు ఇంకా రాలేదు. మిషన్ మాత్రం తీయకండి.”

అతడు తల దించుకున్నాడు. ఆమె వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది.

“మీరు టాకాలు వేస్తూ ఉండండి అత్తయ్యా. వెంటనే నేను కుట్టేస్తాను.”

“దారం ఎక్కించలేనిదానివి.”

“నేర్పండి.”

సూదిలోకి దారం కొడుకే ఎక్కించాడు. కోడలి చేతి మీద అత్తగారి చేయి పడింది, చక్రం కదిలింది.

సాయంత్రం, కాంతి పలచబడే వేళ, అత్తగారు అలవాటుగా టాకాలు ఒక్కొక్కటే లాగేశారు. ఈసారి కోటు చేయి ఊడలేదు. ఆవిడ కోటును పైకెత్తి చూసి మురిసిపోయారు.

“చూశావురా? నీ పెళ్ళాం ఇవాళ విప్పలేదు.”

“లేదమ్మా,” అంటూ అతడు కిటికీ వైపు తిరిగిపోయాడు. కోడలు నేల మీది దారాలు ఏరుకుంటూ, తల ఎత్తలేదు.