ఒసాకా నుంచి ఫోను

ఆ అరబ్బు దేశంలో, జుఫైర్‌లో, సూర్యాస్తమయపు మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకి సూర్యప్రభకి కాలు ఒకచోట నిలవదు. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి కిటికీ దగ్గరికి తిరుగుతూ ఫోను వంకే చూస్తుంది. కంపెనీవాళ్లు ట్రైనింగంటూ భర్త లక్ష్మీనారాయణని జపాను పంపినప్పటి నుంచీ ఇదే వరస. ఇక్కడ పొద్దు వాలేసరికి ఒసాకాలో ఆఖరి రైలు వేళవుతుంది. ఆయన పని ముగించుకుని, నేల అడుగునున్న స్టేషన్లో నిలబడి, ప్లాట్‌ఫారం మీది టెలిఫోను నుంచి మాట్లాడతాడు. ఆ నాలుగు ముక్కలూ వింటేగానీ ఆవిడకి ముద్ద దిగదు.

ఆ సాయంత్రం ఆయన గొంతు తేడాగా ఉంది.

"ప్రభా, ఇక్కడ ఒక్క మనిషీ లేడు. సగం లైట్లు ఆర్పేశారు. ఏదో తడి వాసన..."

"రైలొచ్చేస్తుంది లెండి. భోంచేశారా?"

ఫోనులో ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు.

"సొరంగంలోంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు," అన్నాడు గుసగుసగా. "అచ్చం నీ గొంతే."

సూర్యప్రభ రిసీవరు రెండు చేతులా పట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడి పేరు నోట పలికిన పాపాన పోలేదావిడ. ఎవరడిగినా "మావారు", పిలిస్తే "ఏమండీ". అంతే.

"పలక్కండి! చీకట్లో పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదని మీ అమ్మగారు చెప్పేవారు కాదూ? దెయ్యాలు రెండుసార్లే పిలవగలవట."

"అందుకే ఆగాను. రెండుసార్లయింది. మూడోసారి పిలిస్తే మనిషే కదా... లైన్లో ఉండు, కాస్త చూస్తాను."

రిసీవరు గోడకి తగిలిన చప్పుడు. అడుగులు... దూరంగా... ఇంకా దూరంగా.

"ఏమండీ! వెళ్లకండి! ఏమండీ!"

అడుగులు ఆగలేదు. ఆవిడ సిగ్గూ ఆనవాయితీ మరిచిపోయి గొంతు చించుకుంది.

"లక్ష్మీనారాయణా!"

వేలాడుతున్న రిసీవరులోంచి ఆ కేక ప్లాట్‌ఫారమంతా పాకింది. సొరంగంలోకి సాగిపోయింది. అప్పుడు తెలిసింది ఆవిడకి, ఆ మూడో పిలుపు తనే పిలిచిందని.

"ఆ... వస్తున్నా ప్రభా!" ఎంత తేలిగ్గా పలికాడో.

"అటు కాదండీ! నేనిక్కడ..."

అడుగులు పరుగయ్యాయి. ఆగిపోయాయి. రైలేదీ రాలేదు. నీళ్ల చప్పుడు కూడా ఆగింది.

సూర్యప్రభ ఏడుస్తూ రిసీవరు చెవికి అదుముకుంది. అవతల ఎవరో ఫోను అందుకున్నారు.

"మావారు వచ్చేశారండీ," అంది అవతలి నుంచి అచ్చం సూర్యప్రభ గొంతే. "ఇక మీరు పెట్టెయ్యండి."