నోట్లో గుండుసూదులు

పొద్దున్నే కుట్టుమిషను మొదలైంది. దర్జీ నోట్లో గుండుసూదులు కరచుకుని చొక్కా కాలరు అతుకుతోంది. మిషను కింద ఆమె కూతురు బుడంకాయ ఫోను పట్టుకుని కూర్చుంది. పిల్లకు మూడో ఏడు నడుస్తోంది. ఇంకా ఒక్క మాట రాలేదు. ఫోన్లో ఏనుగు పాడితే తప్ప నోరు తెరవదు. తెరిచినా ముద్ద కోసమే.

నాయనమ్మ ముద్ద పెడుతూ ఉండగా ఏనుగు పోయి ప్రకటన వచ్చింది. పిల్ల నోరు టక్కున మూతపడింది.

"ఈ ఇంట్లో ఏనుగు దయ ఉంటేనే తిండి" అంది పెద్దావిడ.

నిన్ననే పిల్లల డాక్టరు పరీక్షించి, చెవులు బాగానే ఉన్నాయన్నాడు. "ఫోను తీసేసి పిల్లతో మాట్లాడండి. నెలలో మార్పు లేకపోతే పెద్దాసుపత్రికి రాసిస్తాను" అన్నాడు. తల్లికి ఆ చివరి మాటే గుచ్చుకుంటోంది.

"అసలు ఫోను అలవాటు చేసిందెవరు?" అన్నాడు తండ్రి. ఆయన బస్సు కండక్టరు. అడుగుతున్నంతసేపూ తన ఫోనే చూస్తున్నాడు.

తల్లి నోట్లోంచి సూదులు తీసింది. "మీరే! గడ్డం గీసుకుంటుంటే గోల చేస్తోందని ఇచ్చారు."

"నేనిచ్చింది గడ్డం అయ్యేదాకా. నువ్విచ్చింది ఊళ్లోవాళ్ల చొక్కాలన్నీ అయ్యేదాకా!"

"అత్తయ్యా, మీరైనా చెప్పండి."

"నన్ను కదపకండి. నేను ఫోన్లో సీరియల్ చూసుకుంటుంటే అదే వచ్చి ఒళ్లో కూర్చుంది."

"సీరియల్ చూస్తే ఏమొస్తుంది, ఏడుపు తప్ప?" అంది కోడలు.

"ఆ ఏడుపైనా నోటితోనే కదా ఏడుస్తారు! నీలా మూగనోము పట్టలేదు నేను."

మాటకు మాట పెరిగింది. తల్లి విసురుగా లేచి ముగ్గురి ఫోన్లూ లాక్కుంది. బియ్యం డబ్బాలో పూడ్చి, మూతపెట్టి, పైన ఇస్త్రీపెట్టె ఎక్కించింది.

"తడిసిన ఫోన్లు కదే బియ్యంలో పెట్టేది!" అన్నాడు కండక్టరు.

"మన బుర్రలు ఇందులో పట్టవని వాటిని పెట్టాను."

బుడంకాయ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. పొరుగింటాయన గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏం లేదు బాబూ, మాటలు నేర్పుతున్నాం" అంది నాయనమ్మ.

కాసేపటికి ఏడుపు ఆగింది. మరీ ఇంత నిశ్శబ్దమేమిటని తల్లి మిషను కిందికి వంగి చూసింది. పిల్ల పెదాల మధ్య దారప్పోగులు బిగించి ఉంది. గుడ్డపేలిక మోకాలి మీద పరచి, లేని సూది గుచ్చుతోంది.

"బుడంకాయా, రా అమ్మా, తిందువుగాని."

పిల్ల తల ఎత్తలేదు. ఆగమన్నట్టు చూపుడువేలు మాత్రం ఎత్తింది.

నాయనమ్మ పకపకా నవ్వింది. "అచ్చం నువ్వేనే! పోతపోసినట్టుంది!"

కండక్టరూ నవ్వాడు. తల్లీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్లు నిండాయి. పిల్ల ఎప్పుడు దగ్గరికొచ్చినా తన నోట్లో సూదులుండేవి. సూదులు లేనప్పుడు చెవి దగ్గర ఫోను ఉండేది. ఎప్పుడైనా తన జవాబు ఆగమనే ఆ వేలే.

"దీనికేమీ రాదనుకున్నాం అత్తయ్యా. నేను నేర్పిందంతా నేర్చేసుకుంది."

సూదులన్నీ గుడ్డ ఉండకు గుచ్చేసి, తల్లి మిషను కిందికి దూరింది. తల ఠంగున తగిలింది. అయినా మొదలుపెట్టింది.

"అనగనగా ఒక గుండీ. దానికి నాలుగు కళ్లు. అన్ని కళ్లున్నా ఓ రోజు చొక్కా మీంచి జారి, మంచం కింద పడి, దారి తప్పింది..."

పిల్ల నోట్లోంచి పోగులు ఒక్కొక్కటే జారాయి. తల్లి ముఖం వైపే చూస్తోంది. తల్లికి తర్వాతి కథ తోచలేదు. ఆగిపోయింది.

"ఊఁ" అని వినిపించింది.

"ఊఁ కొట్టింది మీరా అత్తయ్యా?"

"నేను కాదు! ఒరేయ్, నువ్వా?"

కండక్టరు కాదన్నట్టు తల ఊపాడు.

"ఊఁ!" అంది పిల్ల మళ్లీ, ఈసారి కాస్త కోపంగా.

"కథ ఆపకే తల్లీ! ఊఁ కొట్టిన నోరు ఊరుకోదు" అంది పెద్దావిడ కళ్లొత్తుకుంటూ.

అప్పుడే బియ్యంలోంచి ఫోను మోగింది. కండక్టరు ఉలిక్కిపడ్డాడు. "డిపో నుంచేమో..."

తల్లి పిల్ల మీంచి చూపు తిప్పలేదు. చూపుడువేలు పైకెత్తింది, డబ్బా వైపు.

"అప్పుడా గుండీ ఏం చేసిందంటే..."