తెలియదన్న ఒక్క మాట

"నా నీలం చొక్కా ఎక్కడా? నోరు పెగలదేం!"

భర్త వేసిన కేకకి వంటింట్లో గిన్నెలు సైతం ఉలిక్కిపడ్డాయి!

"బీరువాలో, కింది అరలోనండీ..." అందామె, పొయ్యి దగ్గరనుంచే.

ఆ రోజు ఆమెకు అర్హత పరీక్ష. పీహెచ్‌డీలో చేరినంత మాత్రాన థీసిస్ రాసే హక్కు రాదు. నలుగురు ప్రొఫెసర్ల ముందు నిలబడి, చేయబోయే పరిశోధన వివరించి, వాళ్ళ ప్రశ్నల్ని తట్టుకుని, "ఇక మొదలుపెట్టు" అనిపించుకోవాలి. ఒకసారి తప్పితే ఇంకొక్క అవకాశమే. ఆ ఇంకొక్కటీ ఇవాళే! తప్పిందా... చదువు తప్పినట్టే, చాకిరీ తప్పనట్టే!

"నేనూ డాక్టరేటు చేసినవాణ్ణే! ఏదడిగినా టకటకా చెప్పెయ్. తెలియదన్నావో, నా పరువు పోతుంది," అన్నాడు భర్త బొత్తాలు పెట్టుకుంటూ. ఆయనది డాక్టరేటు... ఆ ఇంట్లో ఆమెకే ఏ రేటూ లేదు!

అత్తగారు పక్కనే మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చున్నారు.

పోయినసారి ఆమె తప్పింది చదవకపోవడంవల్ల కాదు. తెలియని ప్రశ్నకు కూడా ఏదో ఒకటి అల్లి చెప్పడంవల్ల! ఏం చేస్తుంది పాపం... ఆ ఇంట్లో తాళాలెక్కడ, మాత్రలెక్కడ, ఉప్పెందుకు తగ్గింది, అన్నిటికీ జవాబు ఆమె దగ్గరే ఉండాలి! "తెలియదు" అంటే తిట్లే టిఫిను!

గోడల్లోకి తేమ ఎలా పాకుతుందన్నది ఆమె పరిశోధన. పరీక్ష గదిలో, ఆ నలుగురిలో పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, పోయినసారి ముంచిన ప్రశ్నే మళ్ళీ వేశారు.

"గోడకి ఉప్పు పడితే తేమ పైకి పాకుతుందా, ఆగుతుందా?"

భర్త ముఖం కళ్ళముందు మెదిలింది. అయినా...

"తెలియదండీ!" అనేసింది. కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. "కానీ... ఉప్పు పట్టిన ఇటుకనీ పట్టని ఇటుకనీ పక్కపక్కన నీళ్ళలో నిలబెట్టి, తర్వాత రెండూ తూస్తే తెలుస్తుంది."

ఆమెను బయటికి పంపి తలుపేశారు. నిర్ణయం లోపల... ప్రాణం బయట! వరండా బల్లమీద కూర్చుందో లేదో ఫోన్ మోగింది.

"అమ్మ మోకాళ్ళ మందెక్కడ?" భర్త.

"కిటికీ పక్కనండీ..."

ఫోన్ పెట్టేశాడు. పరీక్ష ఏమైందని అడగనే లేదు!

తలుపు తెరుచుకుంది. పెద్దాయన నవ్వారు. "పాసయ్యావు తల్లీ! పోయినసారే ఈ మాట అని ఉంటే సరిపోయేది కదా! ఎంత తెలుసన్నది కాదమ్మా, తెలియని చోట ఏం చేస్తావన్నదే మేం చూసేది."

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టి, "పాసయ్యానండీ..." అంది.

"అలాగా. నా కళ్ళజోడెక్కడ?"

ఆమెకు తెలుసు. టీవీ వెనకాల ఉంది.

"తెలియదండీ. ఎలా కనుక్కోవాలో మాత్రం చెప్పగలను... లేచి వెతకడమే!"

"చూశావా అమ్మా, దీని పొగరు!" భర్త గర్జించాడు.

అత్తగారు కోడలివైపు చాలాసేపు చూశారు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ లేచి, టీవీ వెనకనుంచి కళ్ళజోడు తెచ్చి కొడుకు చేతిలో పెట్టారు.

ఈ ఇంట్లో అత్తగారు జన్మంతా రాస్తున్నదీ పరీక్షే... బయటికి పంపి, తలుపేసి, ఆవిడ పాసయ్యారో లేదో నిర్ణయించినవాళ్ళే లేరు!